పెరటి పెట్టకు ఊపిరాడనప్పుడు

నెల్లూరు పేరు బ్రెజిలు దేశంలో పశువుల పేరైపోయింది. ఈ సీమనుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు జాతి పశువుల సంతతిని అక్కడివారు ‘నెలోరె’ అని పిలుచుకుంటారు. నెల్లూరు గొర్రెకు కూడా ఒక జాతిగా దేశమంతటా పేరున్నది. ఎద్దు మేత మానితే ఇల్లంతా దిగులు పడుతుంది. గేదె పాలు తగ్గితే ఆ పూటే పశువుల ఆసుపత్రికి కబురు పోతుంది. పెరటిలో తిరిగే కోడిపెట్ట ఒక మూల మెడ ముడుచుకొని కూర్చుంటే మాత్రం ఇరుగు పొరుగులు చెప్పే మాట ఒక్కటే: “కోడిక్కూడా వైద్యమేందమ్మా, కోసుకుంటే పోలా!”

ఆ మాటలో లెక్క ఉన్నది. వైద్యానికయ్యే ఖర్చు పెట్ట ధరను మించవచ్చు. కాని ఆ మాటలోనే ప్రమాదమూ ఉన్నది. ఏ జబ్బుతో మూలుగుతున్నదో తెలియని పక్షిని కోసి, కడిగి, వండి, పిల్లలకు పెట్టడం ఏ లెక్కకూ అందని సాహసం. ఈ రెండు సంగతులనూ ఎదురెదురుగా పెట్టి చూడవలసిన అవసరం నెల్లూరు జిల్లాకు 2024లో బాగా తెలిసివచ్చింది. ఆ ముచ్చట తరువాత.

నెల్లూరుకు పడమరగా, పెన్న ఒడ్డున ఉన్న ఊరు సంగం. పంతొమ్మిదో శతాబ్ది చివర కట్టిన ఆనకట్ట ఇక్కడిదే. దాని చెంతనే లేచిన కొత్త బ్యారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఇక్కడ మళ్లిన నీరు కనిగిరి జలాశయానికి చేరి, అక్కడినుంచి కాలువలుగా చీలి, తూర్పుదిక్కు మాగాణికి పోతుంది. నీరున్నచోట వరి, వరి ఉన్నచోట కళ్లం, కళ్లమున్నచోట కోళ్లు. నూర్పిళ్ల కాలంలో రాలిన వడ్లు, మిగతా రోజుల్లో నూకలు, తవుడు, పెంటదిబ్బమీది పురుగులు, దొరికినప్పుడు గడ్డిపరక: సంగంలోనైనా, ఆ చుట్టుప్రక్కల మరే పల్లెలోనైనా, పెరటికోడి భోజనం ఇదే. సాయంకాలం గంప కింద మూతపడి, తెల్లవారి గంప ఎత్తగానే రెక్కలు విదిల్చుకొని పరుగెత్తే ఈ ప్రాణి సాధారణంగా ఇంటి ఆస్తి. అయితే ఇంట్లో ఒకటే పెట్ట ఉండి, దానిని చిన్నపిల్ల చేతినిండా నూకలు పోసి పెంచినప్పుడు దానికొక పేరు వస్తుంది. పేరు వచ్చిన కోడి ఇక కూరకు పనికిరాదు. అది జబ్బుపడితే ఆ ఇంట రెండు పక్షాలు ఏర్పడతాయి. ఒక పక్షానికి వయస్సు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటుంది. ఆ పక్షంవారికి కొంత శాస్త్రం తెలిసి ఉండటం మంచిది.

మన సాహిత్యం ఈ విషయంలో పెట్టకు పెద్దగా తోడ్పడదు. పుంజుకున్న వైభవం వేరు. కుమారస్వామి ధ్వజంమీద కోడిపుంజే. పిఠాపురంలో శివుడు కుక్కుటేశ్వరుడు. పలనాటి కథలో కోడిపందెం రెండు రాజ్యాల తలరాతను తారుమారు చేసింది. కాకి, డేగ, నెమలి, సేతువ, అబ్రాసు అంటూ పుంజు ఈకల రంగునుబట్టి పేర్లు పెట్టి, ఏ వేళ ఏది గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రమే పుట్టింది. పెట్టకు మిగిలింది మాత్రం సామెతలు. ‘కోడికి గజ్జెలు కట్టినా కుప్ప కుళ్లగించక మానదు’ అన్న సామెత అందులో ఒకటి. దీనిని నీచబుద్ధి మారదనే అర్థంలో వాడుకుంటున్నాము. నిజానికి అది కోడి వైద్యానికి తొలి సూత్రం. కుప్పను కుళ్లగించే అలవాటులోనే దాని బలమూ ఉన్నది, దాని రోగమూ ఉన్నది.

కోడికి పళ్లు లేవు. ముక్కుతో ఏరిన గింజ నమలకుండానే గొంతు దిగుతుంది. దిగిన గింజ తిన్నగా పొట్టలోకి పోదు. మెడ మొదట, రొమ్ముకు కొంచెం కుడివైపుగా, తోలు కింద ఉన్న ఒక సంచిలో ఆగుతుంది. దీనిని మేతసంచి అందాము. అక్కడ నాని, మెత్తబడి, కొంచెం కొంచెంగా జీర్ణాశయంలోకి జారి, ఆ పిమ్మట కందనకాయకు చేరుతుంది. కందనకాయలో కోడి మింగి దాచుకున్న చిన్న రాళ్లుంటాయి. గట్టి కండరాల నడుమ ఆ రాళ్లు గింజను విసురుతాయి. పళ్లు లేని కోడికి అదే తిరగలి. పాక మూసి గచ్చుమీద పెంచే కోడికి ఇసుకరాళ్లు దొరకక, గింజ నలగక, మేత వెనక్కు ఆగిపోవడం కద్దు. అటువంటి ఇంట్లో ఒక చిప్పలో బరకఇసుక పెట్టడమే సగం వైద్యం.

కోడి మేతసంచిని చూడవలసిన వేళ తెల్లవారుజాము, గంప ఎత్తకమునుపు. రాత్రి గూట్లోకి పోయేటప్పుడు ఈ సంచి నిండుగా, చిన్న నిమ్మకాయంతయో అంతకన్న కొంచెం పెద్దదిగానో చేతికి తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్టకు తెల్లవారేసరికి అది ఖాళీ అవుతుంది. వేలితో తడిమితే తోలు మాత్రమే తగులుతుంది. ఉదయాన కూడా సంచి నిండుగా ఉన్నదంటే లోపల దారి మూసుకున్నదన్నమాట. ఈ ఒక్క పరీక్షకు పరికరం అక్కరలేదు, చదువూ అక్కరలేదు. అయినా కోడిని పెంచే ఇళ్లలో దీనిని చేసేవారు అరుదు. పెట్ట మేత మానిందని మాత్రమే గమనిస్తారు; అది మేత మానేసరికి జబ్బు వచ్చి రెండుమూడు రోజులై ఉంటుంది. బలహీనత బయటపడితే తోటి పక్షులు పొడుస్తాయి, గద్ద కనిపెడుతుంది. కాబట్టి పక్షి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది.

నిండిన సంచిని వేళ్లతో మెల్లగా నొక్కి చూస్తే రెండు విధాలుగా తగులుతుంది. గట్టిగా, పిండిముద్దవలె, ఒక్కొక్కసారి రాయివలె తగిలితే మేత గడ్డకట్టిందని అర్థం. పొడుగాటి ఎండుగడ్డి పరకలు, పీచు, కొబ్బరినార ఒకదానికొకటి చుట్టుకొని ఉండలవుతాయి. వెనుకటి పెంటదిబ్బమీద ఇవే ఉండేవి. నేటి దిబ్బమీద వీటికి తోడు ఎరువుల సంచి దారాలు, పాల ప్యాకెట్టు మూలలు, గుట్కా పొట్లాలు, నైలాను పోగులు చేరాయి. గడ్డి ఎప్పటికైనా నానుతుంది, నైలాను నానదు. గజ్జెలు కట్టినా కుప్ప కుళ్లగించక మానని జీవికి మనం కుప్పను మార్చి పెట్టాము.

గట్టిపడిన సంచికి ఇంట్లో చేయదగినది కొంత ఉన్నది. గింజమేత ఆపి, మంచినీళ్లు మాత్రం అందుబాటులో ఉంచాలి. కొద్దిపాటి కొబ్బరినూనెనో వేరుసెనగ నూనెనో మెత్తని అన్నపు ముద్దలో కలిపి, పెట్ట తానై తినేటట్లు పెట్టవచ్చు. పూటకు రెండుమూడు సార్లు, కొన్ని నిమిషాలపాటు, సంచిని వేళ్లతో మెత్తగా పిసుకుతూ లోపలి ఉండను విడదీయడానికి ప్రయత్నించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో అది మెత్తబడి, రెట్ట మామూలుగా పడితే సరి. పడకపోతే అది పశువైద్యుని పని. మత్తిచ్చి, సంచిని చిన్నగా కోసి, లోపలి ఉండను తీసి, శుభ్రం చేసి, కుట్లు వేస్తారు. కోడికి శస్త్రచికిత్స అంటే నవ్వు వస్తుంది గాని, ఆ నవ్వు నెల్లూరు ఎద్దు విషయంలో రాదు. ఈ పని తెలిసిన చేతికి కష్టమైనది కాదు. తెలియని చేతిలో అదే కత్తి హత్య చేస్తుంది కాబట్టి గడ్డం గీసుకునే బ్లేడుతో ఇంట్లో ప్రయత్నించేవారిని వారించవలె.

సంచి మెత్తగా, నీళ్ల తిత్తివలె ఊగుతూ, పెట్ట నోటినుంచి పుల్లని వాసన వస్తుంటే అది రెండో విధం. లోపలి మేత పులిసిపోయింది. పులిసిన పిండిలో పెరిగే జాతికి చెందిన ఒక శిలీంధ్రం సంచి లోపలి పొరకు పట్టుకుంటుంది. దీనికి పిసకడం పనికిరాదు, నూనె పనికిరాదు. పాచిపోయిన అన్నం, బూజుపట్టిన నూకలు మానిపించి, శిలీంధ్రానికి తగిన మందు వైద్యునిచేత వ్రాయించుకోవలె. ఎన్నాళ్లుగానో యాంటీబయాటిక్కులు తిన్న కోడికి ఈ జబ్బు తేలికగా వస్తుంది. దీనినికూడా యాంటీబయాటిక్కుతోనే మాన్పబోయే మందులకొట్టు వైద్యం ఎంత విపరీతమో దీనినిబట్టి ఊహించవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. సంచి నిండిన కోడిని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, లోపలిది కక్కించే అలవాటు చాలాచోట్ల ఉన్నది. ముక్కు తెరిచి మందు గొంతులో పోసే అలవాటు ఇంకా ఎక్కువ. ఈ రెంటివల్లా చనిపోయే కోళ్లు జబ్బువల్ల చనిపోయేవాటికంటె తక్కువేమీ కావనిపిస్తుంది. కారణం కోడి నోటి నిర్మాణంలో ఉన్నది. మనిషికి మింగేటప్పుడు ఊపిరిగొట్టంపై ఒక మూత వాలుతుంది. కోడికి అటువంటి మూత లేదు. దాని ఊపిరిగొట్టపు ద్వారం నాలుక మొదటనే, కంటికి కనిపించేటట్లు తెరుచుకొని ఉంటుంది. బలవంతంగా పోసిన నీరు, తలకిందులుగా కక్కించిన పులుపు, ఆ ద్వారంగుండా ఊపిరితిత్తులకు దిగిపోతాయి. అన్నపుదారి జబ్బు ఆ క్షణాన ఊపిరిదారి జబ్బుగా మారుతుంది. మందు పోసిన గంటకే పెట్ట గురకపెట్టి కన్నుమూస్తే ఇంటివారు ‘ఆయువు తీరింది’ అనుకుంటారు. మందు ఇవ్వవలసివస్తే ముక్కు ప్రక్కగా ఒక్కొక్క చుక్కే అంటించి, అది మింగేదాకా ఆగి, మరొక చుక్క అంటించవలె. త్వరపడని చేయి కావాలి. ఇంట్లో అవ్వకు ఉండే ఓపిక ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

పట్టుకోవడంలో కూడా ఒక మెలకువ ఉన్నది. కోడికి మనకున్నట్లు రొమ్మునూ పొట్టనూ వేరుచేసే ఉదరవితానం లేదు. దాని ఊపిరితిత్తులు పక్కటెముకలకు అంటుకొని కదలకుండా ఉంటాయి. వాటికి తోడుగా ఒళ్లంతా వ్యాపించిన గాలితిత్తులు కొలిమితిత్తులవలె గాలిని ఊదుతూ లాగుతూ ఉంటాయి. ఆ కొలిమి ఆడాలంటే రొమ్ముఎముక ముందుకూ వెనక్కూ కదలాలి. భయపడిన పిల్ల తన పెట్టను గుండెలకు గట్టిగా అదుముకుంటే, ప్రేమవల్లనే దాని ఊపిరి ఆగిపోగలదు. రెక్కలు ముడిచి పట్టుకోవచ్చు. రొమ్మును మాత్రం వదులుగా ఉంచాలి.

“అవ్వా, కోడి నోరు తెరుస్తా వుండాది” అని పిల్ల పరుగెత్తుకొని వచ్చినప్పుడు ముందు చూడవలసింది ఎండను. కోడికి చెమట పట్టదు. రోహిణికార్తెలో నెల్లూరు ఎండకు ప్రతి కోడీ నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా చాపి, రొప్పుతుంది. నీడా చల్లని నీళ్లూ దొరికి కొంతసేపటికి రొప్పు తగ్గితే అది జబ్బు కాదు. గూడు శుభ్రం చేయక రెట్ట కుళ్లిన ఘాటు, వంటపొగ, తవుడు దుమ్ము కూడా ఊపిరిని కష్టపెడతాయి. చల్లని వేళ కూడా నోరు తెరిచి, మెడ చాచి, లోపల గరగర శబ్దంతో పీలుస్తుంటే అది జబ్బే.

ఆ జబ్బు ఏదో పోల్చుకోవడం వైద్యులకే ఒక్కొక్కసారి కష్టం. కొన్ని గుర్తులు మాత్రం సామాన్యులకూ అందుతాయి. మెడ పైకి చాచి, ఆవులించినట్లు మాటిమాటికీ నోరు తెరుస్తూ, తల విదిలిస్తుంటే ఊపిరిగొట్టంలో ఎర్రని సన్నపురుగులు చేరి ఉండవచ్చు. వానపాములను, నత్తలను తిన్న కోడిపిల్లలకు ఇవి వస్తాయి. పురుగుల మందుతో పోతాయి. ముఖం వాచి, కంటినుంచి ముక్కునుంచి దుర్వాసనగల చీమిడి కారితే అది అంటుజలుబు. వారాల తరబడి గురక, తుమ్ము తగ్గుతూ పెరుగుతూ ఉండి, గుడ్లు తగ్గితే దీర్ఘకాలపు శ్వాసరోగం. నోటిలో తెల్లని పొక్కులుండి కళ్లు పుసికడితే, పచ్చని మేత కరువై ఎ విటమిను లోపించిందేమో చూడాలి. మునగాకు, తోటకూర సన్నగా తరిగి వేయడం దీనికి వైద్యమూ, రాకుండా కాపుదలా. పొడుగుగా వేయరాదు. పరక పొడుగైతే మళ్లీ మేతసంచి కథ మొదటికి వస్తుంది.

నూకలూ తెల్లబియ్యమూ మాత్రమే వేసి పెంచేవారికి ఒక పాత వృత్తాంతం చెప్పదగింది. 1890ల ప్రాంతాన జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి రోగానికి కారణం వెదకుతూ కోళ్లను పెంచాడు. ఆ కోళ్లకు కాళ్లు పడిపోయి మనుషుల బెరిబెరిని పోలిన జబ్బు వచ్చింది. కొన్నాళ్లకు తమంతటతామే కోలుకున్నాయి. విచారించగా, జబ్బుపడిన రోజుల్లో వాటికి సైనిక ఆసుపత్రి వంటింట మిగిలిన పాలిషు బియ్యపన్నం పెట్టారనీ, కొత్త వంటవాడు వచ్చి అది ఇవ్వనన్నాక మామూలు ముడిబియ్యం వేశారనీ తేలింది. తవుటిలో ఉన్నదేదో ప్రాణాధారమని ఆ కోళ్లు లోకానికి చెప్పాయి. దానినే తరువాత బి-1 విటమిను అన్నారు. ఐక్‌మన్‌కు 1929లో నోబెలు బహుమానం వచ్చింది. అంతకుముందే, 1879–80లో, లూయీ పాస్తరు కోళ్ల కలరామీద చేసిన పరిశోధనలో క్రిమిని బలహీనపరచి టీకాగా వాడవచ్చునని కనుగొన్నాడు. మానవుల వైద్యానికి ఇన్ని పాఠాలు చెప్పిన పక్షికి మనం వైద్యం చేయడం నవ్వులాట ఎట్లా అవుతుంది? కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలమీద అశోకుడు చెక్కించిన రెండో శాసనం మనుషుల చికిత్సతోపాటు పశువుల చికిత్సనూ ఏర్పాటు చేసినట్లు చెబుతుంది. కోడిని అందులో పేరుపెట్టి చెప్పలేదు, మినహాయించనూ లేదు.

ఊపిరి జబ్బులన్నిటిలో పల్లెకోళ్లను ఊడ్చిపెట్టేది కొక్కెర తెగులు. గురక, ఆకుపచ్చని పలుచని రెట్ట, మెడ మెలిదిరగడం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం దాని లక్షణాలు. ఒక గూటిలో ప్రవేశించిందంటే వీధి దాటకుండా పోదు. 1926లో జావాలోనూ, ఇంగ్లండులో న్యూకాసిల్ పట్టణం దగ్గరా దీనిని గుర్తించారు. 1928 ప్రాంతాన హిమాలయపు కుమావూఁ కొండల్లోని రాణిఖేతులో బయటపడినందువల్ల మన దేశంలో రాణిఖేతు వ్యాధి అన్న పేరు నిలిచింది. విచిత్రమేమంటే, ఆ కొండల్లోనే ముక్తేశ్వరమనే ఊరిలో పశువైద్య పరిశోధనశాల ఉన్నది. 1940లలో అక్కడ తయారైన టీకాయే దేశంలోని కోళ్లను కాచింది. రోగానికి పేరిచ్చిన కొండలే మందునూ ఇచ్చాయి. తెగులు వచ్చాక మాత్రం మందు లేదు. ఉల్లి, వెల్లుల్లి, మిరియం, పసుపు నూరి పెట్టే అవ్వల వైద్యం చిన్న జలుబుకు హాని చేయకపోవచ్చు. కొక్కెర తెగులుకు అది చాలదు. వారంలోపు పిల్లకు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, సుమారు ఎనిమిదో వారంలో రెక్క కింద ఒక సూది: తెగులుకు అడ్డుకట్ట వేసేవి ఈ రెండే.

ఇంత సులభమైనది ఊళ్లలో ఎందుకు జరగదు? టీకా మందు సీసా నూరు, అంతకుమించిన మోతాదులకు వస్తుంది. కలిపిన తరువాత రెండు గంటల్లోపు, మంచు చల్లదనంలో ఉంచి, వాడివేయాలి. అయిదు కోళ్లున్న ఇంటికి నూరు మోతాదులెందుకు? ఒక్కరు కొనలేరు, పదిమంది కలిసి అడగరు. వీధి వీధంతా ఒక ఉదయాన తమ కోళ్లను గంపల కిందే ఆపి ఉంచితే, పశుసంవర్ధకశాఖ వారు వచ్చి ఒక్క సీసాతో ముగించగలరు. ఈ కూడగట్టే పని పల్లెలో చేయగలిగినవారెవరని ఆలోచిస్తే బడిపంతులు గుర్తుకువస్తారు. ఏ ఇంట ఎన్ని కోళ్లున్నవో బడిపిల్లలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. లెక్కల తరగతిలో ఒక పూట ఆ జాబితా వ్రాయిస్తే చాలు. అది గణితమూ అవుతుంది, జీవశాస్త్రమూ అవుతుంది.

ఇప్పుడు 2024 సంగతి. ఆ ఏడు ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు గుట్టలుగా చచ్చాయి. నమూనాలను భోపాలులోని జాతీయ పశువ్యాధుల పరిశోధనశాలకు పంపగా పక్షిజ్వరమని తేలింది. ఆ ఊళ్ల చుట్టూ మిగిలిన కోళ్లను తొలగించారు. కొన్నాళ్లు మాంసపు దుకాణాలు మూయించారు. సంగంనుంచి ఆ ఊళ్లకు ఒక పూట ప్రయాణం కూడా లేదు. మన దేశంలో ఈ జబ్బు మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూరులో కనిపించినప్పుడు అది ఎక్కడో దూరపు వార్త. పద్దెనిమిదేళ్లకు అది పెన్న గట్టెక్కింది. మరుసటి ఏడు 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో మరింత విరివిగా వచ్చింది. ఆ మార్చిలో పల్నాటి సీమకు చెందిన రెండేళ్ల పాప ఇదే జ్వరంతో మరణించింది. ఆ పాప పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని అధికారులు తెలిపారు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఈ క్రిమి బ్రతకదు. ప్రమాదమంతా ఉడకకముందే ఉన్నది: కోసే చేతిలో, ఈకలు పీకే నీళ్లలో, కత్తిపీట దగ్గర కూర్చున్న పసివాళ్లలో.

కాబట్టి ‘కోసుకుంటే పోలా’ అన్న సలహాకు సమాధానం దయాగుణం పేరుతో చెప్పనక్కరలేదు. జబ్బుపడిన కోడిని కోయరాదు; అమ్మరాదు; చుట్టాలింటికి పంపరాదు. ఒక్క పెట్టకు మేతసంచి నిండి, మిగిలినవన్నీ హుషారుగా ఉంటే అది ఆ పెట్ట సొంత కష్టం. ఇంట్లో వైద్యం చేసుకోవచ్చు. ఒక రోజులో రెండుమూడు కోళ్లు హఠాత్తుగా చస్తే, జుట్టు నీలిబారితే, ముఖమూ కాళ్లూ వాచి కందితే, అది ఇంటి వైద్యం కాదు. ఆ వేళ ముట్టుకోకుండా, పిల్లలను దూరంగా ఉంచి, పశువైద్యునికి తెలపవలె. రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు 2022 మేలో మొదలయ్యాయి. వాటిని పిలవడానికి 1962 అన్న నాలుగంకెలు చాలు. ఎద్దుకే గాని కోడికి పిలవకూడదన్న నియమమేదీ లేదు.

జబ్బు ఏదైనా మొదటి పని వేరుచేయడం. మిగతా కోళ్లకు దూరంగా, గాలి వెలుతురు ఉన్నచోట, పొడిగడ్డి పరచిన గంపలో పెట్టి, దాని నీళ్లచిప్ప దానికే ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు ముందు మేత వేసి, జబ్బు కోడి దగ్గరకు చివర వెళ్లాలి. వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అది ఏం తిన్నది, రెట్ట ఏ రంగు, ఉదయాన సంచి నిండుగా ఉన్నదా ఖాళీగా ఉన్నదా, పిల్లచేత ఒక కాగితంమీద వ్రాయిస్తే వైద్యునికి అంతకుమించిన సాయం లేదు. కోడి చెప్పుకోలేని కథను ఆ కాగితం చెబుతుంది. మందులకొట్లో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్కును చిటికెడు నీళ్లలో కలిపి పోయడం మాత్రం మానవలె. మనుషుల చివరి ఆధారంగా దాచుకున్న కొలిస్టిన్ అనే మందును కోళ్లమేతలో విచ్చలవిడిగా వాడుతున్నందువల్ల 2019లో కేంద్ర ప్రభుత్వం ఆహారపు జంతువులకు దానిని నిషేధించింది. వైద్యుడు వ్రాసిన మందైనా అది నడిచిన రోజుల్లోనూ, ఆ తరువాత ఆయన చెప్పిన గడువుదాకానూ గుడ్లు తినరాదు.

దక్కని కోడిని కాలువలో వేయడం సంగంవంటి ఊళ్లకు తగని పని. ఆ కాలువ కింద ఎన్నో ఊళ్లున్నాయి. ఆ నీళ్లమీదనే బాతులు ఈదుతాయి, కొంగలు వాలుతాయి. మోకాలికి మించిన లోతు గొయ్యి తీసి, పైన సున్నం చల్లి, కుక్కలు తవ్వకుండా రాళ్లు పేర్చి పూడ్చాలి. పేరున్న పెట్టకు ఆ గౌరవం ఎటూ దక్కుతుంది, పేరులేనివాటికీ దక్కాలి.

దక్కిన కోడి గుర్తులు వేరు. తెల్లవారి సంచి ఖాళీగా తగులుతుంది. వాలిపోయిన జుట్టు తిరిగి ఎర్రబడుతుంది. దుమ్ములో పొర్లాడి ఒళ్లు విదిలించుకుంటుంది. అప్పటికీ దానిని వెంటనే గుంపులో కలపరాదు. కొన్నాళ్లు ఎడంగా ఉన్నదాన్ని తోటికోళ్లు పరాయిదిగా చూచి తలమీద పొడుస్తాయి. రెండుమూడు రోజులు కంచె అవతల ఒకదానికొకటి కనిపించేటట్లు ఉంచి, ఒక సాయంకాలం చీకటి పడ్డాక మెల్లగా గూటిలోకి చేర్చితే, తెల్లవారి లేచేసరికి అవి దానిని తమలో ఒకటిగానే ఎంచుతాయి.